బ్రూస్ సొంత పాటలను గుమ్మం బయట నిలబెట్టకండి: కడప మెటల్ మిత్రులకు బహిరంగ లేఖ

ప్రతి ఆదివారం సాయంత్రం కోటిరెడ్డి సర్కిల్ దగ్గర టీ కొట్టు ముందు కలిసే మిత్రులందరికీ, ముఖ్యంగా పాటల జాబితా తయారుచేసిన ముగ్గురికీ, నమస్కారం.

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ పుట్టి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా హాలు అద్దెకు తీసుకుని ఒక పూటంతా పాటలు విందామనుకున్నాం. మంచి ఆలోచన. హాలు దొరికింది, చందాలు వచ్చాయి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ముందుగా చెప్పి ఒప్పించడం కూడా అయింది. (పెళ్లి ఊరేగింపు అర్ధరాత్రి దాకా మోగినా పల్లెత్తు మాట అననివాళ్లు, గిటార్ అనేసరికి గడియారం వైపు చూస్తారు. అది వేరే ఉత్తరానికి సరిపడా కథ.) అంతా సజావుగా సాగుతోందనుకుంటుండగా జాబితా చేతికి వచ్చింది. 1980 నాటి మొదటి ఆల్బమ్ నుంచి 2021 నాటి సెంజుట్సు దాకా వరసగా పాటలున్నాయి. గాయకుడు బ్రూస్ డికిన్సన్ బ్యాండులో లేని ఏళ్లలో బ్లేజ్ బేలీ పాడిన రెండు ఆల్బమ్‌ల నుంచి ఒక్కటీ లేదు. బ్రూస్ సొంతంగా చేసిన ఆల్బమ్‌ల నుంచి అసలే లేదు. పైగా చివర ఒక వాక్యం: "బ్యాండు బయట చేసిన పాటలకు ఈ కార్యక్రమంలో చోటు లేదు."

ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే. ఎదురుగా చెప్పవచ్చు కదా అంటారేమో. ఆదివారం సాయంత్రం మన దగ్గర ఎవరి మాట ఎవరికి వినపడుతుంది కనుక?

ముందుగా మీ జాబితానే చూద్దాం. 1990 నాటి నో ప్రేయర్ ఫర్ ది డైయింగ్ నుంచి 'బ్రింగ్ యువర్ డాటర్ టు ది స్లాటర్' పెట్టారు. 2015 నాటి ది బుక్ ఆఫ్ సోల్స్ నుంచి 'ఇఫ్ ఎటర్నిటీ షుడ్ ఫెయిల్' పెట్టారు. రెండూ పెట్టదగినవే. అయితే మీ నిబంధన ప్రకారం ఈ రెండింటినీ ముందు కొట్టివేయాలి. ఎందుకంటే రెండూ బ్రూస్ బ్యాండు కోసం రాసినవి కావు.

మొదటిది 1989లో ఒక అమెరికన్ భయానక చిత్రం కోసం ఆయన విడిగా చేసిన పాట. గిటార్ వాయించింది జానిక్ గెర్స్. అప్పటికి జానిక్‌కు మెయిడెన్‌తో సంబంధమే లేదు. ఆ పాట నచ్చి, రికార్డు కంపెనీవాళ్లు ఇలాంటివే మరికొన్ని చేసి ఆల్బమ్ ఇవ్వమన్నారు. అలా 1990లో టాటూడ్ మిలియనేర్ వచ్చింది. సోలో ఆల్బమ్ పుట్టింది ఇంత మామూలుగా. దాని వెనక తిరుగుబాటూ లేదు, కుట్రా లేదు. ఈలోగా పాట విన్న మెయిడెన్ వ్యవస్థాపకుడు స్టీవ్ హ్యారిస్, ఇది మెయిడెన్‌కు కావాలని అడిగి తీసుకున్నారు. బ్యాండు మళ్లీ వాయించి విడుదల చేస్తే 1991 జనవరిలో బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి ఎక్కింది. యాభై ఏళ్లలో మెయిడెన్ సింగిల్ అక్కడ మొదటి స్థానం చూసింది ఆ ఒక్కసారే. బ్యాండు బయట పాటకు చోటు లేదని హ్యారిస్ అనుకుని ఉంటే ఆ ఒక్కసారీ ఉండేది కాదు.

రెండో పాట సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. దాని చివర ఒక గరుకు గొంతు వచ్చి తన పేరు నెక్రోపోలిస్ అని చెప్పుకుంటుంది. 2015లో మనం ఆ గొంతు ఎవరిదా అని బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. ఒకరు మెయిడెన్ అట్టల మీద కనిపించే భూతం ఎడ్డీ అన్నారు, ఒకరు మాయా నాగరికత పురాణాల్లో యముడన్నారు. ఆ పాత్ర మెయిడెన్‌ది కానే కాదు. బ్రూస్ తన తర్వాతి సోలో ఆల్బమ్ కోసం అల్లుకుంటున్న కథలోనిది. పాట హ్యారిస్‌కు నచ్చింది, బ్యాండులోకి వచ్చేసింది, వస్తూ వస్తూ పాత్రను కూడా వెంట తెచ్చుకుంది. 2024 మార్చి 1న ది మాండ్రేక్ ప్రాజెక్ట్ విడుదలైనప్పుడు ఆ కథా, ఆ డాక్టర్ నెక్రోపోలిస్, బొమ్మల పుస్తకంతో సహా బయటికి వచ్చారు. ఆ ఆల్బమ్‌లో అదే పాట కొద్దిగా పేరు మార్చుకుని, 'ఎటర్నిటీ హాజ్ ఫెయిల్డ్'గా, వేరే నడకలో వినిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి వినిపించడానికి ఇంతకంటే మంచి పూట ఎప్పుడు దొరుకుతుంది? మీ జాబితాలో ఒకటి ఉంది, రెండోదానికి ప్రవేశం లేదు.

ఇప్పుడు మనలోని రెండు పక్షాల గురించి. పేర్లు రాయను, ఎవరు ఎటో అందరికీ తెలుసు. పెద్దవాళ్ల పక్షం క్యాసెట్ల కాలం నాటిది. బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన ఒక్క క్యాసెట్‌ను ఖాళీ క్యాసెట్ల మీదికి ఎక్కించుకుని, టేపు సాగిపోయేదాకా విన్నవాళ్లు. వాళ్ల లెక్కలో బ్రూస్ 1993లో ఇల్లు వదిలి పోయినవాడు. తిరిగి వచ్చాడు కాబట్టి క్షమించారు కానీ, మధ్యలో ఏం చేశాడన్నది వినదలచుకోలేదు. చిన్నవాళ్ల పక్షం ఫోనులో పాటలు విని ఇటు వచ్చినవాళ్లు. వాళ్లకు బ్రూస్ అంటే మెయిడెన్, మెయిడెన్ అంటే బ్రూస్. బ్లేజ్ బేలీ పేరెత్తితే నవ్వుతారు. ఈ జాబితా ఇద్దరి మధ్య కుదిరిన రాజీ అని నాకు తెలుసు. మీరు సోలోలు వదులుకోండి, మేము బ్లేజ్ జోలికి రాము అని ఇచ్చిపుచ్చుకున్నారు. పోగొట్టుకున్నది మాత్రం వినేవాళ్లు.

మనకు ఈ అలవాటు సినిమా హాళ్ల దగ్గర అబ్బింది. హీరోల బ్యానర్ల దగ్గర పెరిగినవాళ్లం కదా, ఎవరో ఒకరి వైపు నిలబడితే తప్ప ఇష్టం రుజువైనట్టు అనిపించదు. కానీ మన జిల్లాకు ఇంతకన్నా మంచి అలవాటు కూడా ఉంది. 1885లో ఇక్కడి సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన నాటక సమాజం, కుటుంబం పెరిగిన కొద్దీ చీలి అనేక సమాజాలైంది. ఒక సమాజంలో కృష్ణుడు వేసినవాడు ఇంకోచోట సొంతంగా తెర కట్టుకునేవాడు. ఆ కొత్త తెర మీద కూడా సురభి అనే ఉండేది, జనం రెండింటికీ వెళ్లేవారు. బ్రూస్ చేసింది ఇంతకు మించి ఏమీ లేదు.

అసలు ఆయనకు సొంత ఆల్బమ్ అవసరం ఎందుకు పడింది? దీని మూలం 1990లో కాదు, 1986లో ఉంది. 1984 నాటి పవర్‌స్లేవ్ తర్వాత దాదాపు ఏడాది పాటు దేశదేశాలు తిరిగి మనుషులంతా అలిసిపోయారు. తర్వాతి ఆల్బమ్ కోసం బ్రూస్ తెచ్చిన పాటలు మెత్తనివి, అకూస్టిక్ గిటార్ మీద నడిచేవి. హ్యారిస్ వద్దన్నారు. సమ్‌వేర్ ఇన్ టైమ్ అట్ట వెనక పాటలు రాసినవాళ్ల పేర్లు చూడండి, డికిన్సన్ పేరు ఒక్క పాట పక్కనా కనపడదు. పాడింది మొదటి నుంచి చివరి దాకా ఆయనే. రాసింది ఏమీ లేదు. హ్యారిస్ తప్పు చేశారని నేను అనను. 1975లో బ్యాండు పెట్టింది ఆయన, దానికి ఒక పద్ధతి ఉండాలని పట్టుబట్టే హక్కు ఆయనది. కానీ పాటలు కట్టగల మనిషి కట్టిన పాటలు ఎక్కడో ఒకచోట పాడుకోవాలి కదా. వాటికి వేరే గది కావలసి వచ్చింది.

1993 గొడవను నేను దాచను. బ్రూస్ వెళ్లిపోతున్నట్టు చెప్పేశాక కూడా ఒప్పుకున్న కచేరీలు ఉండిపోయాయి. ఆ కచేరీల్లో ఆయన మనసు పెట్టి పాడలేదని, కొన్ని రాత్రులు గొణిగి సరిపెట్టాడని హ్యారిస్ తర్వాత గట్టిగానే ఆరోపించారు. వేదిక మీద వాతావరణమే సంతాప సభలా ఉంటే ఎలా పాడతామని బ్రూస్ జవాబు. ఇద్దరి మాటలోనూ నిజం ఉండి ఉంటుంది. ఆ ఆగస్టు 28న లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో జరిగిన ఆఖరి ప్రదర్శనకు ఒక ఇంద్రజాలికుణ్ణి పిలిచారు. చివర గాయకుణ్ణి మేకుల ఇనుప పెట్టెలో పెట్టి 'చంపేశారు'. బ్యాండుకు ఆ పేరు ఇచ్చిన పెట్టెలోనే! కోపాన్ని కూడా ఇంత వేడుకగా జరుపుకున్నవాళ్ల గొడవను ముప్పై ఏళ్ల తర్వాత కడపలో మనం మోయడం ఏమిటి?

ఇక మీరు వద్దన్న పాటల దగ్గరికి వస్తాను. నేను అన్నిటినీ వెనకేసుకు రాను. టాటూడ్ మిలియనేర్ సరదా ఆల్బమ్, అంతకు మించి చెప్పడానికి లేదు. 1996 నాటి స్కంక్‌వర్క్స్ గురించి మనలో ఇద్దరికి మంచి అభిప్రాయం, మిగతావాళ్లకు నిద్ర. నిర్వాణ బ్యాండు మొదటి ఆల్బమ్‌ను రికార్డు చేసిన జాక్ ఎండినోను తెచ్చుకుని, కాలం వెంట పరుగెత్తిన ప్రయత్నం అది. దాన్ని బ్యాండు పేరుగా పెట్టాలని బ్రూస్ అనుకుంటే, అట్ట మీద నీ పేరు ఉండాల్సిందేనని కంపెనీ పట్టుబట్టింది.

కానీ 1994 నాటి బాల్స్ టు పికాసోలో చివరి పాట సంగతి వేరు. ఆ ఆల్బమ్ ఒక్కసారిగా కుదిరింది కాదు. ఒక బ్రిటిష్ బ్యాండుతో చేసింది పక్కన పెట్టేశారు, అమెరికా వెళ్లి ఇంకొకరితో చేసిందీ పక్కన పెట్టేశారు. చివరికి లాస్ ఏంజెలెస్‌లో రాయ్ జీ అనే గిటారిస్టు, అతని ట్రైబ్ ఆఫ్ జిప్సీస్ బృందం తగిలాక గానీ పని సాగలేదు. 'టియర్స్ ఆఫ్ ది డ్రాగన్' మాత్రం బ్రూస్ ఒక్కడే కట్టిన పాట. అకూస్టిక్ గిటార్ మీద, దాదాపు మాట్లాడుతున్నట్టుగా మొదలవుతుంది. పల్లవికి వచ్చేసరికి గొంతు పూర్తిగా తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్నట్టుండి లయ మారి రెగ్గీలాంటి ఊగు ఒకటి వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు టేపు మీద ఇంకో పాట ఎక్కిందేమో అనుకుంటారు. అక్కడి నుంచి గిటార్ పైకి లాగి మళ్లీ పల్లవిలో పడేస్తుంది. భయాన్ని వదిలి నీటిలోకి దూకే మనిషి గురించిన పాట అది. 1986లో వద్దనిపించుకున్న ఆ మెత్తదనం ఎనిమిదేళ్లకు ఎక్కడ తేలిందో వినాలంటే ఈ పాటే వినాలి.

అదే 1994 డిసెంబరులో ఆయన బోస్నియా రాజధాని సారయెవో వెళ్లాడు. అప్పటికి ఆ నగరం ముట్టడిలో చిక్కుకుని రెండున్నరేళ్లు దాటింది. సహాయ సంస్థ లారీలో, ఇగ్మాన్ కొండ మీదుగా, రాత్రి పూట ప్రయాణం చేసి చేరుకున్నారు. వెంట వెళ్లింది ఆ తర్వాత స్కంక్‌వర్క్స్ వాయించిన కుర్రవాళ్లే. కరెంటు లేని, తూటాలు తిరిగే ఊళ్లో మెటల్ కచేరీ చేసి వచ్చారు. 2019లో సారయెవో ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. మీరు కొట్టేసిన కాలంలో ఇది కూడా ఉంది.

1997లో యాక్సిడెంట్ ఆఫ్ బర్త్. రాయ్ జీ తిరిగి వచ్చాడు, అతని పక్కన ఏడ్రియన్ స్మిత్ వచ్చాడు. 1990లో మెయిడెన్‌ను వదిలి వెళ్లిన ఏడ్రియన్! అట్ట బొమ్మ వేసింది ఎడ్డీకి ప్రాణం పోసిన డెరెక్ రిగ్స్. బొమ్మలోని గయ్యాళి నవ్వుల కీలుబొమ్మకు పెట్టిన పేరు ఎడిసన్, అంటే ఎడ్డీ కొడుకట. ఇంటికి దూరంగా ఉండి ఇంటి మీదే హాస్యాలాడుతున్నారంటే ఏమిటి? గుమ్మం మీద కన్ను పోలేదనే కదా. మరుసటి ఏడు ది కెమికల్ వెడ్డింగ్. విలియమ్ బ్లేక్ కవిత్వం, ఆయన గీసిన బొమ్మే అట్ట మీద, శ్రుతి బాగా దించిన గిటార్ల బరువు, దాని మీద తేలే ఆ గొంతు. నన్నడిగితే ఆయన ఏ పేరుతో చేసిన వాటిలోనైనా మొదటి వరసలో నిలబెట్టవలసిన ఆల్బమ్. ఆ ఏడు మెయిడెన్ విడుదల చేసింది వర్చువల్ ఎలెవన్. రెండూ తెలిసినవాళ్లు నేనేమంటున్నానో గ్రహిస్తారు.

1999లో బ్రూస్, ఏడ్రియన్ కలిసి తిరిగి వచ్చారు. జానిక్‌ను పంపేయలేదు. మూడు గిటార్లయ్యాయి. 2000లో బ్రేవ్ న్యూ వరల్డ్ వచ్చింది. ఇప్పుడు ఆ ముగ్గురు గిటారిస్టులను చూడండి. డేవ్ మర్రే మొదటి ఆల్బమ్ నుంచీ ఉన్నవాడు. జానిక్ బ్రూస్ మొదటి సోలోలో వాయించి, అదే ఏడు మెయిడెన్‌లోకి వచ్చినవాడు. ఏడ్రియన్ బ్రూస్ సోలోల్లో రెండు ఆల్బమ్‌లు వాయించి, ఆయనతో కలిసి తిరిగి వచ్చినవాడు. అంటే ఈనాటి మెయిడెన్ ఆ సోలో గది తలుపు గుండానే నడిచి వచ్చింది. ఆ తలుపు మూసేసి బ్రేవ్ న్యూ వరల్డ్ వినిపిస్తే, 1992 తర్వాత ఎనిమిదేళ్లు నిద్రపోయి లేచినవాళ్లు వాయించినట్టు ఉంటుంది.

బ్యాండు బయట పాడటం ద్రోహమే అయితే, 2012లో బ్రిటిష్ లయన్ పేరుతో సొంత ఆల్బమ్ చేసిన స్టీవ్ హ్యారిస్‌ను ఏమనాలి? రిచీ కాట్జెన్‌తో కలిసి 2021లో ఆల్బమ్ చేసిన ఏడ్రియన్‌ను? వాళ్లను ఎవరూ ఏమీ అనరు. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన మెయిడెన్ కచేరీలో, రాయచోటి, మదనపల్లె మీదుగా బస్సెక్కి వెళ్లిన మన పెద్దలు గొంతులు పోయేలా ఎవరితో కలిసి పాడారో మాత్రం నాకు గుర్తుంది.

చిన్నవాళ్లకు ఒక మాట. బ్లేజ్‌ను చూసి నవ్వే ముందు, ఆయనకు ఏం అప్పగించారో ఆలోచించండి. ఆయనది కింది స్థాయిలో బలంగా పలికే గొంతు. బ్రూస్ పై స్థాయికి కట్టిన పాటలను రాత్రి తర్వాత రాత్రి పాడించారు, గొంతు దెబ్బతిని కచేరీలు రద్దయ్యాయి. అయినా 'సైన్ ఆఫ్ ది క్రాస్', 'ది క్లాన్స్‌మన్' ఆయన కాలంలోవే. తిరిగి వచ్చిన బ్రూస్ వాటిని పక్కన పెట్టలేదు, 2001 జనవరిలో రియోలో అంత జనం ముందు రెండూ పాడాడు. బ్రూస్‌కు లేని అంటరానితనం మీకెందుకు?

నేను అడిగేది ఇది. జాబితాను ఏళ్ల వరసలో పెట్టండి. 1990 దగ్గర, బ్యాండు పాడిన 'బ్రింగ్ యువర్ డాటర్' కంటే ముందు బ్రూస్ విడిగా పాడింది పెట్టండి. 1992 తర్వాత 'టియర్స్ ఆఫ్ ది డ్రాగన్'. బ్లేజ్ పాడిన ఆ రెండు పాటలు ఆయన గొంతుతోనే. కెమికల్ వెడ్డింగ్ నుంచి రెండు, మీ ఇష్టం వచ్చినవి. ఆ తర్వాత వెంటనే బ్రేవ్ న్యూ వరల్డ్‌లోని 'ది విక్కర్ మ్యాన్', మధ్యలో ఎవరూ మైకు పట్టుకోకుండా. 2015 పాట పక్కన 2024 పాట. సమయం చాలదంటారని తెలుసు. జాబితాలో మూడు ప్రసంగాలున్నాయి, ఒకటి నాది. మూడూ తీసేస్తే ఈ పాటలన్నీ పట్టి, కారం దోశెలకు కూడా వ్యవధి మిగులుతుంది.

సోలో ఆల్బమ్‌లు కావాలంటే నా దగ్గరున్నాయి, స్కంక్‌వర్క్స్‌తో సహా. ఆదివారంలోపు ఏదో ఒకటి తేల్చండి. హాలు ఇంకో గంట పొడిగించాలంటే సోమవారం ఉదయమే అడ్వాన్సు కట్టమంటున్నారు.

ఇట్లు,
మీలో ఒకడు,
ఎర్రముక్కపల్లి, కడప